నల్ల చొక్కా వేసుకుని నడిస్తే ఓనర్ దిగిపోతాడా?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న చెప్తాను. మాంచెస్టర్‌లో చదువుకుంటున్న ఒక తెలుగు కుర్రాడు అడిగాడు. అతని రూమ్మేట్స్ మాంచెస్టర్ యునైటెడ్ ఫ్యాన్స్. మ్యాచ్ రోజున నల్ల బట్టలు వేసుకుని, ఓనర్లకి వ్యతిరేకంగా ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం దాకా ఊరేగింపుగా నడుస్తున్నారట, నువ్వూ రమ్మంటున్నారట. "ఇరవై ఏళ్లుగా ఇవే నిరసనలు, ఓనర్లు మాత్రం కదల్లేదు. మరి దేనికిదంతా? నచ్చకపోతే టికెట్ కొనడం మానేయొచ్చు, లేదా ఇంకో టీమ్‌ని చూసుకోవచ్చు కదా? స్టూడెంట్ వీసా మీద ఉన్నవాణ్ణి, వెళ్తే ఇబ్బందేమైనా ఉందా?" ఇదీ ప్రశ్న.

నా గురించి రెండు ముక్కలు. మాది ఖమ్మం. 2004లో ఉద్యోగం మీద లాంకషైర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. పెద్ద క్లబ్బుల టికెట్లు కొనే స్తోమత అప్పట్లో లేదు. అందుకని ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న చిన్న క్లబ్బు ఆటలకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ శనివారం గోల్ కొట్టినవాడే సోమవారం వచ్చి మన బాయిలర్ బాగుచేస్తాడు. ఆ క్లబ్బు అభిమానుల ట్రస్టులో పదకొండేళ్లు కమిటీ మెంబర్‌గా ఉన్నాను, అందులో నాలుగేళ్లు లెక్కలు నేనే రాశాను. ఓనర్‌తో కొట్లాట ఎలా ఉంటుందో దగ్గరగా చూశాను. నువ్వు వయసులో చిన్నవాడివి కాబట్టి 'నువ్వు' అనే అంటాను తమ్ముడూ, ఏమీ అనుకోకు.

వీసా సంగతి ముందు చెప్పేస్తాను, అది తేలిగ్గా తేలిపోతుంది. రోడ్డు మీద శాంతంగా నడవడం, ప్లకార్డు పట్టుకోవడం, నినాదాలు ఇవ్వడం ఇక్కడ నేరం కాదు. పోలీసులు దారి మార్చమంటే మారాలి, ఆగమంటే ఆగాలి, అంతే. ప్రమాదమంతా స్టేడియం లోపల ఉంది. అనుమతి లేకుండా ఆట స్థలంలో కాలు పెట్టడం 1991 నాటి ఫుట్‌బాల్ నేరాల చట్టం కింద నేరం. నీ కారణం ఎంత మంచిదన్నది పోలీసు అడగడు. పొగ డబ్బాలు, ఫ్లేర్లు లోపలికి పట్టుకెళ్లడానికి వేరే చట్టం ఉంది. శిక్ష పడితే దాంతోపాటు మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా స్టేడియాల్లోకి రాకుండా బ్యానింగ్ ఆర్డర్ కూడా వేయొచ్చు. నీకైతే అంతకన్నా పెద్ద తలనొప్పి, రేపు వీసా పొడిగింపు ఫారంలో ఆ శిక్ష సంగతి రాయాల్సి రావడం. కాబట్టి బయట నడువు. ఎవరైనా గేటు తోస్తుంటే నువ్వు ఫోన్ మాట్లాడుతున్నట్టు పక్కకి తప్పుకో. పిరికితనం అనుకుంటే అనుకోనీ.

ఇక "ఇంకో టీమ్‌ని చూసుకోవచ్చు కదా" అన్నది. ఇది షాపు కస్టమర్ అడగాల్సిన ప్రశ్న. మన ఊళ్లో గుడి ధర్మకర్త హుండీ డబ్బులు తినేస్తున్నాడనుకో, ఊరివాళ్లు పక్క ఊరి దేవుడికి మొక్కులు మార్చుకుంటారా? ధర్మకర్తని దించమంటారు. ఇక్కడివాళ్లకి క్లబ్బు అలాంటిదే. తాత కూర్చున్న స్టాండులో మనవడు కూర్చుంటాడు. చాలామంది చితాభస్మం కూడా గ్రౌండ్ దగ్గరే కలపమని చెప్పిపోతారు.

నీ రూమ్మేట్స్ దగ్గర ఆకుపచ్చ, బంగారు రంగుల స్కార్ఫ్ ఉందేమో చూడు. ఎర్ర టీమ్‌కి ఆ రంగులేమిటి అనిపించి ఉంటుంది. యునైటెడ్ మొదట 1878లో న్యూటన్ హీత్ అనే పేరుతో పుట్టింది. పెట్టింది రైల్వే కార్మికులు, వాళ్ల చొక్కా రంగులవి. 2010 మొదట్లో క్లబ్బు అప్పుల వివరాలు ఒక బాండ్ పత్రంలో బయటపడ్డాక, జనం ఎర్ర స్కార్ఫులు పక్కన పెట్టి ఇవి కట్టుకున్నారు. క్లబ్బు మాదే, మీ దుకాణంలో అమ్మే రంగు మాకొద్దు అన్నట్టు. అదే ఏడాది మార్చిలో ఇటలీ క్లబ్బు ఏసీ మిలాన్ తరఫున ఓల్డ్ ట్రాఫర్డ్‌కి ఆడటానికొచ్చిన ఒకప్పటి యునైటెడ్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్, మ్యాచ్ అయ్యాక ఎవరో విసిరిన ఆ స్కార్ఫ్ తీసి మెడలో వేసుకున్నాడు. మర్నాడు పేపర్లన్నిటా ఆ ఫొటోనే.

అసలు కోపం దేనికో తెలియాలంటే 2005కి వెళ్లాలి. అమెరికాలోని ఫ్లోరిడాకి చెందిన మాల్కమ్ గ్లేజర్ కుటుంబం ఆ ఏడాది మే నెలలో యునైటెడ్‌ని దాదాపు 79 కోట్ల పౌండ్లకి కొంది. అందులో సగానికి పైగా అప్పు. అప్పు చేసి కొనడం వింతేం కాదు, మనమూ ఇల్లు అలాగే కొంటాం. వింత ఏమిటంటే ఆ అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్బు నెత్తినే పెట్టారు. నేను ఇల్లు కొని, ఆ లోన్‌ని అందులో అద్దెకున్నవాళ్ల పేరున రాయించి, నెలనెలా అద్దెతోపాటు ఈఎంఐ కూడా మీరే కట్టండి అన్నట్టు. ఇది చట్టప్రకారం తప్పు కాదు. అంతకుముందు అప్పే లేని క్లబ్బు అప్పట్నుంచీ వడ్డీలు కడుతూనే ఉంది. కొన్ని అప్పుల మీద వడ్డీ ఏడాదికి 14 శాతం దాటింది, 2010లో 16 శాతం పైకి వెళ్లింది. వడ్డీలు, ఫీజులు, డివిడెండ్లు అన్నీ కలిపితే ఇన్నేళ్లలో బయటికిపోయింది వంద కోట్ల పౌండ్లకి పైమాటే.

మరి ఇరవై ఏళ్ల అరుపులకి వాళ్లు ఎందుకు కదల్లేదు? ఇక్కడే చాలామంది పొరబడతారు. అభిమానులు గట్టిగా అరవలేదని కాదు. వాళ్ల అరుపు తగిలే చోట ఓనర్‌కి చర్మమే లేదు. నువ్వు సీజన్ టికెట్ మానేస్తే వెయిటింగ్ లిస్టులో ఉన్నవాడు మర్నాడే కొంటాడు. టీవీ డబ్బు ఎలాగూ వస్తుంది. 2012లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో షేర్లు అమ్మినప్పుడు కూడా జనానికి అమ్మిన షేరుకి ఒక ఓటు, కుటుంబం తన దగ్గరుంచుకున్న షేరుకి పది ఓట్లు. కిస్తీలు మాత్రం ఏనాడూ తప్పలేదు, కాబట్టి అప్పులవాడూ గుమ్మం తొక్కలేదు. ఇక అరిచి ఏం లాభం, దున్నపోతు మీద వాన.

పదకొండేళ్ల కమిటీ మీటింగుల్లో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. ఓనర్ మొహం మీద అరవడం దండగ. ఓనర్‌కి ఎవరితో పని ఉందో వాళ్ల గుమ్మం ముందు నిలబడాలి. ఆ 'ఎవరో' ప్రతి క్లబ్బుకీ వేరు.

యునైటెడ్ వాళ్ల బద్ధశత్రువు లివర్‌పూల్‌నే చూడు. 2007లో హిక్స్, జిలెట్ అనే ఇద్దరు అమెరికన్లు ఆ క్లబ్బుని కొన్నారు. అదీ అప్పుతోనే. కానీ వీళ్లకి అప్పిచ్చిన రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ గడువు 2010 అక్టోబర్‌తో అయిపోతోంది. స్పిరిట్ ఆఫ్ షాంక్లీ అనే అభిమానుల సంఘం, దాని చుట్టూ ఇంకా చాలామంది, ఊరేగింపులు చేశారు. దాంతోపాటు ఇంకో పని చేశారు, అది నాకు బాగా నచ్చింది. ఓనర్లకి కొత్తగా అప్పివ్వొచ్చు అని వార్తల్లో పేరొచ్చిన ప్రతి ఫైనాన్స్ కంపెనీకీ వేలకొద్దీ ఈమెయిళ్లు పంపారు. 'ఈ వ్యవహారంలో వేలు పెడితే మీ పేరు మా నోట్లో నానుతుంది' అన్నది సారాంశం. కొత్త అప్పు పుట్టలేదు. వ్యవహారం లండన్ హైకోర్టుకెక్కింది, ఓనర్లు ఓడిపోయారు, క్లబ్బు 30 కోట్ల పౌండ్లకి చేతులు మారింది. బ్యాంకు గడువు లేకుండా ఉత్త ఈమెయిళ్లతో ఇది అయ్యేది కాదు, నిజమే. కానీ గడువు ఎప్పుడో తెలుసుకుని ఆ తలుపు దగ్గర కాపు కాసింది అభిమానులే.

కొత్త ఓనర్లొచ్చారని లివర్‌పూల్ జనం ఊరుకోలేదు. 2016లో కొత్త మెయిన్ స్టాండులో ఖరీదైన టికెట్ 77 పౌండ్లు అని ప్రకటించారు. ఫిబ్రవరి 6న సండర్‌ల్యాండ్‌తో ఆట. సరిగ్గా 77వ నిమిషానికి దాదాపు పదివేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0తో ముందుంది. జనం వెళ్లిపోయాక రెండు గోల్స్ ఇచ్చుకుని 2-2తో ముగించింది! ఇది ఎవరైనా కథగా రాస్తే అతిగా ఉందనేవాళ్లం. నాలుగు రోజుల్లో ఓనర్లు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. ఎందుకంటే అక్కడ తగిలింది జేబుకి కాదు, పరువుకి. ప్రపంచమంతా టీవీలో చూస్తుండగా సగంలో ఖాళీ అయిన స్టాండు, వాళ్లు అమ్ముకునే సరుకునే పాడుచేస్తుంది.

టికెట్ కొనడం మానేయొచ్చు కదా అన్నావు. మానేసినవాళ్ల కథ కూడా ఉంది. అది మా జిల్లాలోదే, బ్లాక్‌పూల్. విశాఖ బీచ్ రోడ్డుని తెచ్చి జనవరి చలిలో, మొహాన కొట్టే గాలిలో పెట్టినట్టుంటుంది ఆ ఊరు. 2010-11లో ఆ చిన్న క్లబ్బు ఒక్క సీజన్ ప్రీమియర్ లీగ్‌లో, అంటే ఇక్కడి అన్నిటికన్నా పై డివిజన్‌లో, ఆడింది. ఆ ఒక్క ఏడాదికే కోట్ల పౌండ్లొచ్చాయి. తర్వాత టీమ్ మెట్టు మెట్టుగా దిగజారింది. డబ్బెటు పోయింది అని అడిగిన అభిమానుల మీద ఓనర్లు ఆయిస్టన్ కుటుంబం పరువునష్టం దావాలు వేసింది. మామూలు మనుషులు, పెన్షన్ మీద బతికేవాళ్లు కోర్టు మెట్లెక్కాల్సొచ్చింది. 2015 మేలో సీజన్ ఆఖరి ఆటకి జనం మైదానంలోకి దిగి కూర్చున్నారు, ఆట ఆగిపోయింది.

ఆ తర్వాత వాళ్లు ఎంచుకున్న దారి అన్నిటికన్నా కష్టమైనది. 'నాట్ ఎ పెన్నీ మోర్'. ఒక్క పెన్నీ కూడా ఇవ్వం అని గ్రౌండ్‌కి వెళ్లడం మానేశారు. టికెట్ లేదు, చొక్కా లేదు, లోపల టీ కూడా లేదు. ఏళ్ల తరబడి. ఇక్కడి మనుషులకి శనివారం మధ్యాహ్నం మూడింటికి గ్రౌండ్‌లో లేకపోవడమంటే ఏమిటో మనకి చెప్పినా అర్థం కాదు. గేటు బయట నిలబడి లోపలి గోల్ కేక వినేవాళ్లు. 2017లో టీమ్ ప్లేఆఫ్ ఫైనల్ గెలిచి పై డివిజన్‌కి వెళ్తుంటే, ఆ ఆట జరిగే లండన్ వెంబ్లీ స్టేడియానికి పోకుండా ఇళ్లలో కూర్చున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. లోపలికి వెళ్లేవాళ్లకీ, వెళ్లనివాళ్లకీ మాటల్లేవు. ఒకే ఇంట్లో తండ్రి వెళ్తే కొడుకు వెళ్లని సందర్భాలు చూశాను.

మరి వాళ్లు గెలిచింది బహిష్కరణతోనేనా? సగమే. అసలు దెబ్బ కొట్టింది ఆ క్లబ్బులోనే చిన్న వాటాదారు, లాత్వియా వ్యాపారి వలేరి బెలొకాన్. క్లబ్బు డబ్బుని ఓనర్లు తమ కంపెనీలకి మళ్లించుకున్నారని ఆయన కోర్టుకెళ్లాడు. 2017 నవంబర్‌లో జడ్జి దాన్ని క్లబ్బుని అన్యాయంగా ఊడ్చేయడమే అని తేల్చి, బెలొకాన్ వాటా కొనడానికి 3 కోట్ల 12 లక్షల పౌండ్లకి పైగా కట్టమన్నాడు. కట్టడానికి వాళ్ల దగ్గర డబ్బులేవి? గేటు ఆదాయం ఎప్పుడో ఎండిపోయింది. అక్కడ పనికొచ్చింది జనం చేసిన పస్తు. 2019 ఫిబ్రవరిలో కోర్టు రిసీవర్ని, అంటే ఓనర్ల చేతుల్లోంచి ఆస్తులు తీసుకుని చూసే అధికారిని, పెట్టింది. బహిష్కరణ ముగిసింది, మార్చి 9న సౌత్‌ఎండ్‌తో ఆటకి 15,871 మంది వచ్చారు. నేను వెళ్లాను, నా టీమ్ కాకపోయినా. తెల్లజుట్టు పెద్దాయన ఒకాయన తన పాత సీటు నంబరు వెతుక్కుని, రెండు చేతులతో ఆ ప్లాస్టిక్ కుర్చీ తుడిచి కూర్చున్నాడు. ఆట 2-2. ఆ రోజు స్కోరు ఎవడు చూశాడు.

కాబట్టి టికెట్ మానేయడం పనిచేస్తుంది, కానీ మూడు నాలుగేళ్లు కడుపు కట్టుకోగలిగితే, మానేసిన సీటు నిజంగా ఖాళీగా ఉంటే. బ్లాక్‌పూల్‌లో ఖాళీగా ఉంది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఉండదు. అక్కడ నువ్వు లేచి వెళ్తే ఆ సీట్లో జీవితంలో ఒక్కసారి చూడ్డానికి వచ్చిన టూరిస్టు కూర్చుంటాడు. మన హైదరాబాద్ నుంచి వచ్చినవాడైనా కావచ్చు.

జర్మనీ వాళ్లకి ఇన్ని తిప్పలు లేవు, అక్కడ తలుపు తాళమే అభిమానుల దగ్గరుంది. '50+1' అనే నియమం ప్రకారం క్లబ్బు కంపెనీగా మారినా ఓట్లలో మెజారిటీ సభ్యుల సంఘానిదే. లెవర్కూసెన్, వోల్ఫ్స్‌బర్గ్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అయినా 2023 డిసెంబర్‌లో అక్కడి లీగ్, తన ప్రసార హక్కుల ఆదాయంలో కొంత వాటాని ఇరవై ఏళ్లకి ఒక పెట్టుబడి సంస్థకి అమ్మడానికి ఓటేసింది. 36 క్లబ్బుల్లో 24 సరే అన్నాయి, కావలసిన మూడింట రెండొంతులు సరిగ్గా. హనోవర్ క్లబ్బు తరఫున వెళ్లినాయన తన సభ్యుల మాట కాదని ఓటేశాడేమో అనే అనుమానం అందరిలో పడింది. ఇక చూడు, వారం వారం ప్రతి స్టేడియంలో టెన్నిస్ బంతుల వాన. ఆటగాళ్లు, రెఫరీలు వంగి బంతులేరుకునేవాళ్లు. కొన్నిచోట్ల రిమోట్ కార్లకి పొగ డబ్బాలు కట్టి మైదానంలోకి వదిలారు. టీవీ కంపెనీకి అమ్మేదే ఆట, ఆ ఆటే అనుకున్న టైముకి ముగియకపోతే ఎలా? 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ఒప్పందం మొత్తం రద్దు చేసుకుంది. ఎంత చవకైన ఆయుధం, టెన్నిస్ బంతి! (లోపలి నుంచి విసరడం నీ వీసాకి మంచిది కాదు, గుర్తుంచుకో.)

ఇంగ్లండ్‌లో ఇలాంటి తాళం లేదు. అందుకే ఇక్కడ అసలు మార్పు గ్రౌండ్లలో కాక పార్లమెంటులో వచ్చింది. 2021 ఏప్రిల్ 18న యూరప్‌లోని పన్నెండు పెద్ద క్లబ్బులు, అందులో యునైటెడ్‌తో సహా ఆరు ఇంగ్లిష్ క్లబ్బులు, తమలో తాము ఆడుకోడానికి సూపర్ లీగ్ అని ప్రకటించాయి. జనం రోడ్ల మీదికొచ్చారు. రెండు రోజుల్లో ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. మే 2న యునైటెడ్ అభిమానులు ఓల్డ్ ట్రాఫర్డ్ లోపలికి చొరబడితే లివర్‌పూల్‌తో ఆట ఆ రోజు జరగనే లేదు. పోలీసులకి గాయాలయ్యాయి, అది సమర్థించను. కానీ ఆ నెల తర్వాతే మాల్కమ్ కొడుకు జోయెల్ గ్లేజర్ అభిమానుల సమావేశంలో కూర్చుని వాళ్ల మాట విన్నాడు, పదహారేళ్లు గడిచాక. అంతకుముందే, 2019లో, మాంచెస్టర్ పక్కనే ఉన్న బెరీ అనే క్లబ్బుని లీగ్ నుంచి వెళ్లగొట్టారు. దాని ఓనర్ దాన్ని ఒక్క పౌండుకి కొన్నాడు. ఈ రెండూ కలిసి ప్రభుత్వాన్ని కదిలించాయి. 2025 జులైలో ఫుట్‌బాల్ పాలనా చట్టం వచ్చింది, పై ఐదు డివిజన్లకి స్వతంత్ర రెగ్యులేటర్, అంటే నియంత్రణ సంస్థ, వచ్చింది. కొత్త ఓనర్‌కి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో అడిగే అధికారం ఉంది. క్లబ్బు గుర్తు, చొక్కా రంగు మార్చాలంటే అభిమానుల్ని అడగాలి. నీ రూమ్మేట్స్ ఇరవై ఏళ్లు నడిచింది వృథా అన్నావే, ఆ నడకలో కొంత ఈ చట్టంలో ఉంది. గ్లేజర్లు ఇంకా ఉన్నారు, నిజమే. 2024లో జిమ్ రాట్‌క్లిఫ్ అనే బ్రిటిష్ వ్యాపారి పావు వంతుకి పైగా వాటా కొని ఆట వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నాడు. ఆ తర్వాత ఉద్యోగాలు పోయాయి, సీజన్ మధ్యలో పిల్లలకీ ముసలివాళ్లకీ రాయితీ లేకుండా 66 పౌండ్ల టికెట్ పెట్టారు. అందుకే ఇప్పుడు నల్ల బట్టలు.

మా చిన్న క్లబ్బు కథ క్లుప్తంగా చెప్తాను, పేరు చెప్పను. ఓనర్ మంచిగానే మాట్లాడేవాడు, మీటింగుకొస్తే బిస్కట్లు కూడా తెచ్చేవాడు. లెక్కలు మాత్రం చూపించేవాడు కాదు. మేం రెండేళ్లు గేటు దగ్గర బ్యానర్లు పట్టుకున్నాం, ఆయన చెయ్యి ఊపి కారెక్కేవాడు. అప్పుడు రిటైరైన ఒక అకౌంటెంట్ మా కమిటీలో చేరింది. ఆవిడ బ్యానర్ ముట్టుకోలేదు. కంపెనీస్ హౌస్ అని ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది, ఏ కంపెనీ లెక్కలైనా ఉచితంగా చూడొచ్చు. అందులో 'ఛార్జెస్' అన్న చోట నొక్కితే ఆ కంపెనీ ఆస్తులు ఎవరికి తాకట్టులో ఉన్నాయో కనిపిస్తుంది. మా గ్రౌండ్ అప్పటికే క్లబ్బు పేరున లేదు. ఓనర్‌దే ఇంకో కంపెనీకి మారిపోయి, దాని మీద అప్పు కూడా పుట్టేసింది. ఇళ్లు కట్టుకునే స్థలంగా అమ్మేస్తే సరి, క్లబ్బు రోడ్డు మీద ఉంటుంది.

ఆ రోజు పబ్బు పైగదిలో నలభైమందిమి ఉన్నాం. ఎవరూ అరవలేదు. 2011 నాటి లోకలిజం చట్టం కింద ఊరుమ్మడి ఆస్తుల జాబితా ఒకటుంది. అందులో గ్రౌండ్‌ని చేర్చమని కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టాం. అందులో చేరితే, అమ్మకానికి పెట్టినప్పుడు ఊరి సంఘం మేం కొంటాం అని ముందుకొస్తే ఆరు నెలలు ఆగాలి. (ఓల్డ్ ట్రాఫర్డ్‌ని కూడా 2013లో అభిమానుల ట్రస్టు ఇలాగే చేర్పించింది.) ఆరు నెలలు ఆగడమంటే బిల్డర్‌కి నచ్చదు. అప్పిచ్చినవాడికి అసలే నచ్చదు. ఏడాదిన్నర తర్వాత ఓనర్ క్లబ్బుని వేరేవాళ్లకి ఇచ్చి పోయాడు. బ్యానర్లు పట్టిన రెండేళ్లలో జరగనిది పదకొండు పేజీల దరఖాస్తుతో జరిగింది. అలాగని బ్యానర్లు దండగ అననులే. ఆ అకౌంటెంట్ మా దగ్గరికి వచ్చిందే బ్యానర్ చూసి.

మన దేశంలోనూ ఇది కొత్త కాదు. 1889లో పుట్టిన మోహన్ బగాన్ క్లబ్బు 2020లో ఏటీకే అనే ఇంకో కోల్‌కతా క్లబ్బుతో కలిసిపోయి పేరుకి ముందు ఆ మూడక్షరాలు తగిలించుకుంటే, కోల్‌కతా అభిమానులు మూడేళ్లు 'రిమూవ్ ఏటీకే' అని వెంటపడ్డారు. 2023 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ గెలిచిన రాత్రే ఓనర్ సంజీవ్ గోయెంకా ఆ పేరు తీసేస్తున్నామని ప్రకటించాడు. ఆయనకి కప్పు కావాలి, కప్పుతోపాటు చప్పట్లూ కావాలి. ఆ చప్పట్లు జనం చేతుల్లోనే ఉన్నాయి.

మన హైదరాబాద్ సంగతి తలుచుకుంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టిన సిటీ పోలీస్ టీమ్ ఊరది, కోచ్ రహీమ్ సాహెబ్ ఊరది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి ఛాంపియన్ అయింది, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్లు తిరక్కుండానే జీతాల బాకీలు, ఆటగాళ్ల వలస, పట్టికలో అట్టడుగు. చేతులు మారి, చివరికి 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియం నుంచి ఒక ఛాంపియన్ క్లబ్బు వెళ్లిపోయింది. పిడికెడు మంది నిజమైన అభిమానులు మొత్తుకున్నారు, మిగతా ఊరికి తెలియను కూడా తెలియలేదు.

లండన్‌లో వింబుల్డన్ క్లబ్బుని 2002లో దాదాపు తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి అనుమతిస్తే, అక్కడి అభిమానులు కొన్ని వారాల్లో సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ప్రకటన ఇచ్చి, పార్కులో ఆడించి చూసి ఆటగాళ్లని ఎంపిక చేశారు. చాలా కింది లీగ్ నుంచి మొదలుపెట్టి తొమ్మిదేళ్లలో లీగ్‌లోకొచ్చారు, 2020లో తమ పాత వీధి ప్లావ్ లేన్‌లో కొత్త గ్రౌండ్ కట్టుకుని తిరిగొచ్చారు. 2005లో గ్లేజర్ల మీద కోపంతో యునైటెడ్ అభిమానులు కొందరు పెట్టుకున్న ఎఫ్‌సీ యునైటెడ్ కూడా ఇదే పద్ధతి, మనిషికి ఒక ఓటు, ఎన్ని పౌండ్లిచ్చినా ఒకటే. వాళ్ల గ్రౌండ్ మోస్టన్‌లో ఉంది, నీ గది నుంచి బస్సులో వెళ్లొచ్చు. ఒక శనివారం చూసి రా. టికెట్ నీకు భారం కాదు, చిప్స్ మీద వేసే గ్రేవీ బాగుంటుంది.

ఊరేగింపుకి వెళ్లాలా వద్దా అంటే, వెళ్లు. జేబులో యూనివర్సిటీ ఐడీ పెట్టుకో, వానకోటు వేసుకో, గేటు దాకా నడిచి ఆగిపో. వెళ్లే ముందు రాత్రి మాత్రం ఒక అరగంట కూర్చుని యునైటెడ్ ఏడాది లెక్కలు తెరిచి చూడు. స్టాక్ ఎక్స్చేంజ్‌లో ఉన్న కంపెనీ కాబట్టి అన్నీ బయటే ఉంటాయి. అప్పు ఎంత, ఎవరికి, ఏ ఏడాదికి తీరాలి, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి నీ రూమ్మేట్స్‌కి చూపించు. అర్థం కాని లైను ఉంటే ఇక్కడే కింద రాయి, ఆదివారం చూసి చెప్తాను.